బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మందులు ఒంటబడతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో ఫార్మసిస్టుని. చెన్నైలోనో వేలూరులోనో బెంగళూరులోనో స్లీవ్, బైపాస్ లాంటి ఆపరేషన్లు చేయించుకుని ఊరికి తిరిగొచ్చినవాళ్లు, వాళ్లను చూసుకునే ఇంట్లోవాళ్లు మా కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నలివి. ఏం తినాలి, ఎంత తాగాలి అన్నది ఆసుపత్రిలో బాగానే చెప్పి పంపుతారు. ఎప్పట్నుంచో వేసుకుంటున్న పాత మందుల సంగతి మాత్రం చాలామందికి ఇంటికొచ్చాకే గుర్తొస్తుంది. ఇది చదివి ఎవరూ సొంతంగా మోతాదు మార్చుకోవద్దు, ఏ మాత్రా ఆపొద్దు. మీ డాక్టరును ఏమేం అడగాలో తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఆపరేషన్ కడుపుకి కదా, మాత్రలకేం సంబంధం?

మనం మింగిన మాత్ర కడుపులో నాని, కరిగి, చిన్నపేగులోకి దిగుతుంది. ఎక్కువ మందులు ఒంటబట్టేది ఆ చిన్నపేగులోనే, అందులోనూ మొదటి భాగంలో. ఆపరేషన్ ఈ దారినే మార్చేస్తుంది.

స్లీవ్‌లో కడుపును నిలువుగా కోసి 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం లాంటి కడుపు. పేగుల జోలికి పోరు. గ్యాస్ట్రిక్ బైపాస్ అలా కాదు. అందులో పైన 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగులో కింది భాగానికి కలుపుతారు. మిగతా కడుపు, డుయోడినం అనే చిన్నపేగు మొదటి భాగం, దాని తర్వాత ఇంకొంత పేగు ఒంట్లోనే ఉంటాయి గానీ తిన్నది ఆ దారిన పోదు. మన దేశంలో ఎక్కువగా చేసే మినీ బైపాస్‌లోనూ కలిపే తీరు వేరైనా, పేగులో కొంత భాగం దాటిపోవడం మామూలే.

ఊళ్లోకి రాకుండా చుట్టు రోడ్డున పోయే బస్సు ఊరి స్టాపులో నిలబడ్డవాళ్లను ఎక్కించుకోలేదు. డుయోడినంలో ఒంటబట్టాల్సిన మందు పరిస్థితీ అంతే. దీనికి తోడు కడుపులో ఆమ్లం తగ్గుతుంది కాబట్టి ఆమ్లంలో కరగాల్సిన మాత్ర సరిగా కరగదు. పిత్తరసం ఆహారంతో ఆలస్యంగా కలుస్తుంది కాబట్టి కొవ్వుతో కలిసి ఒంటబట్టే మందులు, ఏ, డీ, ఈ, కే విటమిన్లు తక్కువ అందుతాయి. కడుపులో నిలవ ఉండే సమయం కూడా తగ్గి, కొన్ని మందులు ముందుకన్నా తొందరగా పేగులోకి జారిపోతాయి.

అంటే ప్రతి మందూ తక్కువ పనిచేస్తుందా?

లేదు. ఈ ఒక్క మాట అందరికీ గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కొన్ని తక్కువ అందుతాయి, కొన్నిటికి తేడా ఉండదు, కొన్ని ముందుకన్నా ఎక్కువే అందుతాయి. షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ బైపాస్ అయినవాళ్లలో తగ్గుతుందనుకుంటే, పరిశోధనలో ఇంకా ఎక్కువ ఒంటబడుతున్నట్టు తేలింది. పారాసెటమాల్ ముందుకన్నా తొందరగా రక్తంలో కలుస్తుంది. కాబట్టి "ఆపరేషన్ అయింది, సగమే పడుతుంది, రెండు వేసుకుందాం" అన్న లెక్క ప్రమాదం.

ఇంకో సంగతి కూడా ఉంది. మందు ఒంటబట్టే తీరుతో పాటు మనిషీ మారిపోతాడు. బరువు తగ్గేకొద్దీ షుగరు, బీపీ తగ్గుతాయి, ఒంట్లో కొవ్వు తగ్గుతుంది. 110 కిలోలున్నప్పుడు రాసిన మోతాదు 80 కిలోల మనిషికి సరిపోతుందన్న నమ్మకం లేదు. మందు సరిగా పడుతోందా అన్నది ఒక ప్రశ్న, అసలు ఇప్పుడు ఎంత కావాలన్నది ఇంకో ప్రశ్న. డాక్టరు ఈ రెండూ కలిపి చూస్తారు.

నాది స్లీవ్ మాత్రమే. నాకూ ఇవన్నీ వర్తిస్తాయా?

కొన్ని వర్తిస్తాయి. పేగు దారి మారలేదు కాబట్టి మందుల ఇబ్బంది బైపాస్ వాళ్లకన్నా తక్కువ. కానీ కడుపు చిన్నదైంది, ఆమ్లం తగ్గింది, బీ12 ఒంటబట్టడానికి కడుపులో తయారయ్యే పదార్థం కూడా తగ్గింది. విటమిన్లు, వాంతులు, షుగరు మందుల గురించి కింద రాసినవన్నీ మీరూ చదవండి. కడుపులో బెలూన్ పెట్టించుకున్నవాళ్లకు పేగు దారి మారదు. బెలూన్ ఉన్నన్నాళ్లు వాంతులు, నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త పడాలి.

మాత్ర పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉంటుంది. దాంతో ఇబ్బందా?

ఇబ్బందే. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్, ఎక్స్‌ఎల్, రిటార్డ్ — వీటిలో ఏది రాసి ఉన్నా ఆ మాత్ర గంటల తరబడి కొద్దికొద్దిగా మందు వదిలేలా తయారైందని అర్థం. అది కడుపులో, పేగులో చాలాసేపు ప్రయాణిస్తుందన్న లెక్కతో చేస్తారు. ఆపరేషన్ తర్వాత ఆ ప్రయాణం మారిపోతుంది కాబట్టి మందు పూర్తిగా విడుదల కాకముందే మాత్ర కిందికి దాటిపోవచ్చు. అందుకే వీలైన చోటల్లా డాక్టర్లు మామూలు మాత్రకు మారుస్తారు. రోజుకు ఒకటి వేసుకునేది రెండు మూడు పూటలుగా చీలుతుంది. కొన్ని ఎక్స్‌ఆర్ మందులు ఆపరేషన్ తర్వాత కూడా బాగానే పనిచేస్తాయి కాబట్టి మారుస్తారా, అలాగే ఉంచుతారా అన్నది మందును బట్టి ఉంటుంది. అడగడం మాత్రం మీ వంతు.

మా వైపు స్ట్రిప్పు మొత్తం కొనేవాళ్లు తక్కువ. అయిదు మాత్రలిమ్మంటే షాపులో కత్తెరతో కత్తిరించి ఇస్తారు. మందు పేరు ఒక ముక్క మీద, ఎస్‌ఆర్ అన్న అక్షరాలు, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్క మీద పడతాయి. మీ చేతికొచ్చిన ముక్క మీద అది లేకపోతే ఇంట్లో ఎవరికీ తెలిసే దారి లేదు. ఆపరేషన్ అయినవాళ్లు మొత్తం స్ట్రిప్పే అడిగి తీసుకోండి. డాక్టరు మామూలు మాత్ర రాస్తే షాపులో అదే కంపెనీ ఎస్‌ఆర్ ఇచ్చారేమో కౌంటర్ దగ్గరే చూసుకోండి. జన ఔషధి కేంద్రంలో కొన్నా, ప్రైవేటు షాపులో కొన్నా ఇదే జాగ్రత్త.

మాత్ర గొంతు దిగట్లేదు. నూరి నీళ్లలో కలిపి తాగొచ్చా?

ఆపరేషన్ అయిన కొత్తలో కుట్లు వేసిన చోట వాపు ఉంటుంది కాబట్టి పెద్ద మాత్రలు మింగడం కష్టమే. ఆ కొన్ని వారాలు నూరిన మాత్రలో, సిరప్పో, నమిలే మాత్రలో వాడమని సర్జన్లే చెబుతారు. మామూలు మాత్రలు చాలావరకు నూరొచ్చు. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ రకాలను నూరకూడదు. రోజంతా అందాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లో పడుతుంది. బీపీ, గుండె, షుగరు మందుల్లో అది ప్రాణం మీదకు వస్తుంది. కడుపులో కరగకుండా పైన పూత వేసిన మాత్రలనూ నూరకూడదు. రక్తం పలచబడటానికి ఇచ్చే డబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పి పొడి తీసుకుంటే మందు చాలా ఎక్కువగా ఒంటబట్టి రక్తస్రావం కావచ్చు.

సిరప్పులు సులువే గానీ చాలావాటిలో చక్కెర, సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉంటాయి. బైపాస్ వాళ్లకు దాంతో కడుపులో మెలిపెట్టడం, చెమటలు, గుండెదడ, విరేచనాలు రావచ్చు. చక్కెర లేనిది అడగండి. మాత్రలన్నీ గుప్పెడు ఒకేసారి వేసుకునే అలవాటుంటే మానుకోండి. ఒక్కొక్కటిగా, గుటక నీళ్లతో, మధ్యలో కాస్త ఆగి వేసుకోవాలి.

షుగరు మందులు ఆపేయొచ్చా?

చాలామందికి ఆపరేషన్ అయిన రోజుల్లోనే, బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే షుగరు దిగడం మొదలవుతుంది. తిండి కూడా ద్రవాలే. అప్పుడు పాత మోతాదులో ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వేసుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పొచ్చు. అందుకే డిశ్చార్జ్ రోజునే ఈ మందులను తగ్గించడమో ఆపడమో చేస్తారు. ఆ కాగితం ఇంట్లో అందరూ చదవాలి. "ఇన్నాళ్లు వేసుకున్నది ఎట్లా ఆపుతావు నాయనా" అని పెద్దవాళ్లు పాత సూది మళ్లీ వేసిన ఇళ్లున్నాయి. వాళ్లది ప్రేమే, కానీ ప్రమాదం.

మెట్‌ఫార్మిన్ ఒంటరిగా షుగరును అంతగా పడేయదు. డాక్టర్లు తరచూ దాన్నే కొనసాగిస్తారు, ఎస్‌ఆర్ అయితే మామూలుకు మారుస్తారు. అది ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 ఇంకాస్త తగ్గుతుంది కాబట్టి ఆ పరీక్ష మరువొద్దు. గ్లూకోమీటర్ ఇంట్లో ఉండాలి. ఎప్పుడెప్పుడు చూసుకోవాలో, ఎంతకి దిగితే ఫోన్ చేయాలో డాక్టరు చేత రాయించుకోండి.

బైపాస్ అయిన కొందరికి తీపి తిన్న గంట నుంచి మూడు గంటల లోపు షుగరు పడిపోతుంది. ఏ షుగరు మందూ వాడనివాళ్లకు కూడా. కొండ మీద నుంచి ఎవరైనా లడ్డూ తెచ్చినప్పుడు కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే చాలు.

బీపీ మాత్ర?

తగ్గించాల్సి రావచ్చు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే బీపీ చూపించుకుని ఆ అంకెతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కొన్ని బీపీ బిళ్ళల్లో కలిసి ఉంటుంది. మందు పేరు చివర ఎచ్ అనో, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ అనో ఉంటుంది. కొత్తలో గుటక గుటకగా తాగే రోజుల్లో ఇవి ఒంట్లో నీరు ఇంకా తగ్గించేస్తాయి.

థైరాయిడ్ మాత్ర, ఐరన్, కాల్షియం ఏది ఎప్పుడు?

చంద్రగిరి నుంచి ఒక అక్క చిన్న గుడ్డ సంచి తెచ్చి కౌంటర్ మీద బోర్లించింది. థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, కాల్షియం, మల్టీవిటమిన్, గ్యాస్ మాత్ర. అన్నీ పొద్దున్నే ఆరింటికి, పాలతో. "ఒక్కటీ మరిచిపోకుండా వేసుకుంటా ఉండా సార్, అయినా నీరసం పోలా, యాడికి పోతాండాయో ఈ మాత్రలన్నీ" అంది. ఆమె శ్రద్ధలో లోపం లేదు. ఆమెకు ఎవరూ వేళలు విడదీసి చెప్పలేదు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచినీళ్లతోనే వేసుకోవాలి. కాఫీకి అరగంట నుంచి గంట ఎడం కావాలి. ఐరన్, కాల్షియం ఆ మాత్రను పట్టుకుని ఒంటబట్టనీయవు కాబట్టి వాటికి నాలుగు గంటల ఎడం. ఐరన్, కాల్షియం కూడా ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, వాటి మధ్య కనీసం రెండు గంటలు. కాల్షియం ఒక్కసారికి 500 నుంచి 600 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ఒంటబట్టదు కాబట్టి రెండు మూడు సార్లుగా వేసుకోవాలి.

ఇవన్నీ కలిపితే రోజు ఇలా కుదురుతుంది: పొద్దున అయిదున్నరకు థైరాయిడ్, ఆరున్నర దాటాక కాఫీ, పదికి ఐరనూ ఐరన్ ఉన్న మల్టీవిటమినూ, మధ్యాహ్నం ఒంటిగంటకు కాల్షియం, సాయంత్రం అయిదుకు మళ్లీ, రాత్రి తొమ్మిదికి ఇంకోటి. ఐరన్ వేసుకున్న ముందూ వెనకా టీ, కాఫీ, పాలు వద్దు, నిమ్మరసం మంచిది. ఆ అక్కకు దీన్నే పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇచ్చాం, గోడ క్యాలెండర్ పక్కన అంటించుకోమని.

బరువు తగ్గేకొద్దీ థైరాయిడ్ మోతాదు కొందరికి తగ్గుతుంది, కొందరికి సరిగా ఒంటబట్టక పెరుగుతుంది. టీఎస్‌హెచ్ పరీక్షలోనే తేలుతుంది. మోతాదు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు చూస్తారు.

బరువు తగ్గాను, బాగున్నాను. విటమిన్ మాత్రలు ఇంకా ఎందుకు?

జీవితాంతం. ఇందులో బేరం లేదు.

ఐరన్ ఎక్కువగా ఒంటబట్టేది డుయోడినంలోనే, బైపాస్ వాళ్లకు దాటిపోయింది కూడా అదే. నెలసరి వచ్చే ఆడవాళ్లకు, బైపాస్ అయినవాళ్లకు రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని అమెరికాలో బరువు తగ్గే ఆపరేషన్లు చేసే (బేరియాట్రిక్) సర్జన్ల సంఘం సూచన. మాత్రలతో రక్తం పెరగకపోతే నరానికి ఐరన్ ఎక్కిస్తారు, భయపడాల్సిన పని లేదు. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. షాపుల్లో ఎక్కువగా దొరికేది కాల్షియం కార్బొనేట్. అది కరగడానికి ఆమ్లం కావాలి. మీకు కాల్షియం సిట్రేట్ మేలు, ఆమ్లం లేకున్నా కరుగుతుంది. డబ్బా మీద చూసి అడిగి తీసుకోండి. విటమిన్ డీ రోజుకు 3000 యూనిట్లతో మొదలుపెట్టి రక్త పరీక్షను బట్టి మారుస్తారు. మన సంగటిలోని రాగిలో కాల్షియం ఉన్న మాట నిజమే. ఆపరేషన్ తర్వాత తినగలిగే రెండు ముద్దలతో మాత్రం ఆ లెక్క సరిపోదు.

బీ12 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒంట్లో నిల్వలు ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి మొదటి సంవత్సరం మాత్ర మానేసినా చాలామందికి ఏమీ కానట్టే ఉంటుంది. అక్కడే మోసపోతారు. రెండు మూడేళ్లకు అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, మతిమరుపు మొదలవుతాయి. షుగరు వల్ల అనుకుని వదిలేస్తారు. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. రోజూ 350 నుంచి 1000 మైక్రోగ్రాముల మాత్రలో, నెలకోసారి 1000 మైక్రోగ్రాముల సూదో. సూది కడుపు దారిన పోదు కాబట్టి బైపాస్ వాళ్లకు నమ్మకమైన మార్గం.

ఒళ్లు నొప్పులకు షాపులో అడిగే మాత్ర వేసుకోవచ్చా?

షాపుకొచ్చి "నొప్పులకు మంచి మాత్ర ఇవ్వన్నా" అంటే చేతిలో పెట్టేది చాలాసార్లు ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వీటిలో ఒకటి ఉన్న మాత్రే. పారాసెటమాల్‌తో కలిపి కూడా వస్తాయి కాబట్టి జ్వరం మాత్రే అనుకుంటారు. బైపాస్ అయినవాళ్లకు ఇవి వద్దు. కడుపు సంచిని పేగుతో కలిపిన కుట్టు దగ్గర పుండు పడుతుంది, అది రక్తం కారొచ్చు, చిల్లు పడొచ్చు. పొగ తాగేవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. స్లీవ్ వాళ్లకు ఇంత కఠినంగా కాకపోయినా డాక్టరు చెప్పకుండా వద్దు.

ఇక్కడ ఒక అపోహ. క్లినిక్‌లో నొప్పి సూది వేస్తామంటే "సూది కదా, కడుపులోకి పోదు" అని ఒప్పుకుంటారు. డైక్లోఫెనాక్ సూదిగా ఇచ్చినా రక్తం ద్వారా కడుపు పొరను కాపాడే పదార్థాలను తగ్గిస్తుంది. పుండు ప్రమాదం పోదు. సూది గుచ్చే ముందే "నాకు బైపాస్ అయింది" అని చెప్పండి. పంటి నొప్పికి వెళ్లినా, మోకాలి నొప్పికి వెళ్లినా, చికెన్‌గున్యా వచ్చి ఒళ్లంతా నొప్పులతో మూలుగుతున్నా సరే.

ఉత్త పారాసెటమాల్ వాడొచ్చు. రోజుకు ఎంత వరకు అన్నది మీ బరువు, లివర్ చూసి డాక్టరు చెబుతారు.

గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు చిన్న మోతాదు ఆస్పిరిన్ వేసుకుంటుంటే, ఇది చదివి ఆపేయకండి. స్టెంట్ మూసుకుపోతే ప్రాణాపాయం. గుండె డాక్టరు, సర్జను మాట్లాడుకుని గ్యాస్ మాత్ర తోడుగా కొనసాగిస్తారు.

ఎముకలు పెళుసుబారాయని వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర కూడా ఆపరేషన్ తర్వాత సరిపడదు. దాని బదులు నరానికిచ్చే మందు ఉంది.

గ్యాస్ లేదు కదా, గ్యాస్ మాత్ర ఎందుకు రాశారు?

ఆ కుట్టు దగ్గర పుండు పడకుండా. కొన్ని నెలలు వాడమంటారు, మధ్యలో మానొద్దు. పుండు పడ్డ బైపాస్ వాళ్లలో ఈ క్యాప్సూల్‌ను విప్పి లోపలి గింజలు తీసుకుంటే తొందరగా మానుతోందని కూడా చూశారు. డాక్టరు అలా చెబితే ఆశ్చర్యపోకండి, గింజలను మాత్రం నమలొద్దు. పిత్తాశయంలో రాళ్లు రాకుండా అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ అనే మాత్ర ఆరు నెలలు రాస్తారు. బరువు వేగంగా తగ్గేటప్పుడు రాళ్లు పడతాయి కాబట్టి అదీ అవసరమే.

పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్ర పనిచేస్తుందా?

బైపాస్ అయినవాళ్లు నోటి మాత్ర మీద ఆధారపడొద్దు. స్లీవ్ వాళ్లకు వాడొచ్చు గానీ వాంతులు, విరేచనాలు అవుతున్న రోజుల్లో నమ్మకం లేదు. ఇది అడగడానికి ఆడవాళ్లు మొహమాటపడతారు. మా షాపులో కూడా పక్కన ఎవరూ లేనప్పుడే గొంతు తగ్గించి అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే ఇది. పీసీఓడీ వల్ల ఏళ్లుగా నెలసరి సరిగా రానివాళ్లకు బరువు తగ్గగానే అండం విడుదలై, అనుకోకుండా గర్భం నిలబడుతుంది. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలైనా ఆగాలన్నది డాక్టర్ల సలహా. అప్పటిదాకా తల్లి ఒంట్లోనే పోషకాలు చాలవు. కాపర్ టీ, ఇంజెక్షన్, చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ కడుపు మీద ఆధారపడవు. గైనకాలజిస్టుతో ఆపరేషన్‌కు ముందే మాట్లాడితే ఇంకా మంచిది.

ఫిట్స్, మానసిక సమస్యలు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు?

మీరు మిగతావాళ్లకన్నా దగ్గరగా డాక్టరును కలవాలి. ఈ మందుల్లో మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా తేడా పెద్దది.

వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లకు ఆపరేషన్ తర్వాత మొదట్లో తక్కువ మోతాదే సరిపోతుంది, నెలలు గడిచేకొద్దీ మళ్లీ పెరుగుతుంది. రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ చేయించాలి. లిథియం వాడేవాళ్లు ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో పేరుకుపోయి చేతులు వణకడం, మాట తడబడటం, మత్తు వస్తాయి. అది అత్యవసరం. ఫెనిటాయిన్, వాల్ప్రోయేట్, కార్బమజెపిన్ వాడేవాళ్లకు రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్ష ఉంది. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు బైపాస్ తర్వాత కొందరికి తక్కువ అందుతాయి. మళ్లీ నిద్ర పట్టకపోవడం, దిగులు, ఏడుపు మొదలైతే "బరువు తగ్గి సంతోషంగా ఉండాలి కదా" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయొద్దు. మందు అందట్లేదేమో చూపించండి. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వాడే టాక్రోలిమస్‌కూ రక్త పరీక్ష తప్పదు.

యాంటీబయాటిక్స్?

సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్, డాక్సీసైక్లిన్ రాసినప్పుడు మీ కాల్షియం, ఐరన్ వాటికి అడ్డుపడతాయి. ఎన్ని గంటలు ఎడంగా వేసుకోవాలో అడగండి. హెచ్ఐవీకి డోలుటెగ్రవిర్ వాడేవాళ్లకూ ఇదే. టీబీ మందులు మొదలుపెట్టే ముందు ఆపరేషన్ సంగతి తప్పకుండా చెప్పాలి.

రెండు రోజులుగా వాంతులు. సెలైన్ ఎక్కిస్తే సరిపోతుందా?

దయచేసి ఇది పూర్తిగా చదవండి.

బీ1 అనే థయమిన్ ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. ఆపరేషన్ తర్వాత వాంతులతో ఏదీ లోపల నిలవకపోతే అది వేగంగా అయిపోతుంది. అప్పుడు ఊళ్లో క్లినిక్‌కు వెళితే నీరసంగా ఉన్నారని గ్లూకోజు సీసా పెడతారు. గ్లూకోజును వాడుకోవడానికి ఒంటికి థయమిన్ కావాలి. ఉన్న ఆ కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. చూపు రెండుగా కనిపించడం, కనుగుడ్లు వణకడం, నడిస్తే తూలడం, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. మూడూ నాలుగూ కలిసే దాకా చూడొద్దు, ఒక్కటి కనిపించినా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

క్లినిక్‌లో చెప్పాల్సిన మాట ఇది: "బరువు తగ్గే ఆపరేషన్ అయింది, వాంతులవుతున్నాయి, గ్లూకోజు కన్నా ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి." కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. వాంతులు ఆగకపోతే సర్జనుకు ఫోన్ చేయాల్సిందే. ఆపరేషన్ చేసిన చోట కడుపు దారి ఇరుకైందేమో వాళ్లే చూడాలి.

అప్పుడప్పుడు తాగే అలవాటుంది.

బైపాస్ తర్వాత మద్యం తొందరగా, ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది. ముందు రెండు పెగ్గులకు వచ్చే మత్తు ఒకదానికే రావచ్చు. తాగి బండి ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. షుగరు మందులు, నిద్రమాత్రలు తోడైతే ఇంకా ముప్పు. మానేయడమే నా సలహా.

నడిచి కొండెక్కే మొక్కుంది. మందులతో ఏమైనా జాగ్రత్తలా?

ఎప్పుడు ఎక్కొచ్చో సర్జను చెప్పాలి. అలిపిరి దారిలో 3550 మెట్లు. ఎక్కమన్నాక మందుల సంగతి నేను చెబుతాను.

కింద సామాను ఇచ్చేసి పైన తీసుకునే సౌకర్యం ఉంది కదా, చాలామంది మందుల సంచిని కూడా అందులో పడేస్తారు. ఆ రోజుకు కావాల్సినవి ఒంటి మీదే ఉండాలి. సెల్‌ఫోన్ క్యూలోకి తీసుకుపోనివ్వరు కాబట్టి అలారం పెట్టుకుని మాత్రలు వేసుకునేవాళ్లకు ఆ రోజు వేళ తెలియదు. చేతి గడియారం, కాగితం మీద జాబితా పెట్టుకోండి. కంపార్ట్‌మెంట్లలో గంటల కొద్దీ కూర్చోవాల్సి వస్తే ఇన్సులిన్ వేసుకునేవాళ్లు గ్లూకోజు బిళ్ళలు దగ్గర ఉంచుకోవాలి. ఎండాకాలంలో నీరు పోయే బీపీ మాత్రలు, లిథియం వాడేవాళ్లు ముందే డాక్టరును అడగాలి. శనివారం, ఏకాదశి ఉపవాసాలు ఆపరేషన్ అయిన మొదటి సంవత్సరం పెట్టుకోవద్దు. స్వామి తప్పు పట్టడు.

ఆయుర్వేదం, నాటుమందులు, బరువు తగ్గే పొడులు?

డబ్బా మీద ఏముందో రాయని పొడి ఏదీ వద్దు. ఆయుర్వేద వైద్యులు రాసిన మందైతే ఆ చీటీ మీ డాక్టరుకు చూపించండి. విరేచనాలు చేయించే చూర్ణాలు మిగతా మందులనూ తోసుకుపోతాయి.

ఇన్సులిన్, ఇన్‌హేలర్, నాలుక కింద పెట్టే మాత్రలు కూడా మారతాయా?

ఒంటబట్టడంలో మార్పు లేదు. అవి కడుపు దారిన పోవు. ఇన్సులిన్ మోతాదు తగ్గేది షుగరు తగ్గడం వల్ల.

ఆపరేషన్ చెన్నైలో అయింది. ఇక్కడ ఎవరిని చూపించాలి?

ప్రతి చిన్నదానికీ చెన్నై, బెంగళూరు పోలేరు. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర కాబట్టి కొంత నయం. షుగరు, థైరాయిడ్‌కు తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, అత్యవసరానికి రుయా ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా డిశ్చార్జ్ సమ్మరీ కాగితం ఒకటి, ఫోన్‌లో ఫోటో ఒకటి ఉండాలి. అందులో ఏ రకం ఆపరేషనో రాసి ఉంటుంది. "గ్యాస్ట్రిక్ ఆపరేషన్" అంటే సరిపోదు. స్లీవా, బైపాసా, మినీ బైపాసా చెప్పగలగాలి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా రక్త పరీక్షలు చేయించి రిపోర్టులు ఒకే ఫైలులో పెట్టండి.

ఆపరేషన్ ఇంకా కాలేదు, వచ్చే నెలలో ఉంది. ఇప్పుడే చేయాల్సిందేమైనా ఉందా?

ఇంట్లో ఉన్న మందులన్నీ, వేసుకోవడం మానేసినవి కూడా, ఒక సంచిలో వేసుకుని సర్జను దగ్గరికి వెళ్లండి. ఒక్కొక్కటి చూపించి ఇది అలాగే ఉంటుందా, మారుతుందా, ఎప్పుడు ఆపాలి, నూరొచ్చా అని అడిగి రాసుకోండి. షుగరుకు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే గట్టిగా గుర్తు చేయండి. వాటిని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే ఆపాలి, లేకపోతే షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందులు ఎప్పుడు ఆపాలో తేదీతో సహా రాయించుకోండి. థైరాయిడ్, బీ12, డీ, ఐరన్ పరీక్షలు ముందే చేయిస్తే తర్వాత పోల్చి చూసుకోవడానికి ఆధారం ఉంటుంది. మూడు నెలలకు సరిపడా పాత మాత్రలు ముందే కొని పెట్టుకోకండి. వాటిలో సగం మారిపోతాయి, కత్తిరించిన స్ట్రిప్పులను షాపులో వెనక్కి తీసుకోరు.